గరం షాఫ్టు మీద నా రెండు చుక్కలు

పడవ ఇంజిన్‌కు నీళ్లు తాగించింది నేను కాదని చెప్పడం మొదలుపెట్టి నలభై ఏళ్లు దాటింది; వినవలసిన వాళ్లు ఒక్కరూ వినలేదు. పడవల ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. అప్పటి ఇంజనీరు గారికి సైదాబాద్ చిరునామాకు నాలుగు రాశాను, అవీ అంతే. ఈ పత్రికలో ఇదే పేజీకి కిందటేడు రాసి పంపిస్తే, అచ్చు వేయకపోతే పోనీ, అందిందన్న ముక్కయినా తెలియజేయలేదు. మా బావమరిది నేను ఆ పడవ పేరెత్తగానే గుమ్మంలో చెప్పులు ఎక్కడున్నాయో చూసుకుంటాడు. మా ఆవిడ ఉన్నప్పుడు "మళ్లా ఆ పడవేనా" అని విసుక్కునేది గాని, విసుక్కుంటూనే కథ అయ్యేదాకా కూర్చునేది. ఇప్పుడు విసుక్కునే మనిషి కూడా లేదు. కాబట్టి నా ఈడు వాళ్లు, ఎప్పుడో ఒకప్పుడు చేతికి గ్రీజు అంటినవాళ్లు, మీరైనా కాసేపు కూర్చోండి.

కిందటి నెలలో ఒక ఉదయం పాల ప్యాకెట్ కోసం బయలుదేరి, మా జల్‌పల్లి దారిలో ఉన్న పాత ఇనుము దుకాణం ముందు ఆగిపోయాను. లాంచీలు తిరిగిన చెరువు గట్టు మీది రేకుల షెడ్డు పడగొట్టారట, అందులో ఏళ్ల తరబడి పడి ఉన్న సామానంతా ట్రాలీలో తెచ్చి అక్కడ దింపుతున్నారు. ఆ కుప్పలో ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ ఒకటి, పెచ్చులూడిన నీలి రంగుతో, విరిగిన చెవిని ఇత్తడి పోసి అతికించిన మచ్చతో కనిపించింది. తప్పిపోయిన మనిషిని పుట్టుమచ్చ చూసి పోల్చుకున్నట్టు పోల్చుకున్నాను, ఎందుకంటే ఆ ఇత్తడి పోసింది నేనే. అప్పటికే పనివాడు సమ్మెట ఎత్తాడు. నేను పాలు మరిచిపోయి చేతులు అడ్డం పెట్టి అరిచాను.

దుకాణం సేట్ గల్లా మీది నుంచి తొంగి చూశాడు. మూడు తరాలుగా ఇనుము వ్యాపారంలో ఉన్న కుటుంబం, మాట మెత్తన, కన్ను గట్టి.

"ఏమైంది చాచా, మీ చుట్టమా ఏంది అది?"

"చుట్టమే సేట్. నన్ను నలభై ఏండ్లు తలెత్తకుండ జేసిన చుట్టం."

"గట్లయితే పగలగొట్టనీ మరి!"

అతని నవ్వుకు నేను నవ్వలేదు. ఆ ఇంజిన్ లోపలి క్యామ్‌షాఫ్ట్ ఒక్కటి నాకు చూపిస్తే చాలు, తర్వాత పొడి చేసుకోమన్నాను. అతను సరేనని పనివాడికి సైగ చేశాడు. షాఫ్టు బయటికి వచ్చేలోగా మీకు మొదటి నుంచి చెప్పాలి.

మాది ధూల్‌పేట్. మా నాయన వినాయకుడి బొమ్మలు చేసేవాడు. బొజ్జ వంపు సరిగ్గా వచ్చిందో లేదో ఏనాడూ కళ్లతో చూసేవాడు కాదు, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి, ఇక్కడ గోరంత ఎక్కువైంది అని చెక్కేవాడు. నాకు మట్టి పని పట్టుబడలేదు గాని ఆ తడమడం మాత్రం చేతికి అబ్బింది. పాతబస్తీలో ఒక ఇరుకు గల్లీలో పాత ఇంజిన్లను విప్పి కొత్తగా కట్టే కార్ఖానా ఉండేది. అక్కడ మా ఉస్తాద్ దగ్గర చేరి పదమూడేళ్లు పనిచేశాను. ఆయన ఎడమచేతి వాటం మనిషి, మెల్లగా మాట్లాడేవారు, మధ్యాహ్నం నమాజు తర్వాత ఒక గంట హుక్కా పీల్చేవారు. ఆయన కార్ఖానాలో ఒక రివాజు ఉండేది. ప్రతి పనివాడికీ ఒక గుర్తు ఇచ్చేవారు, వాడు బిగించిన ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ ముందు కొన మీద, పళ్ల చక్రం కింద దాగి ఉండేచోట, ఆ గుర్తును పంచ్ మొన ఆనించి సుత్తితో కొట్టాలి. బయటివాళ్లకు అది కనిపించదు, ఇంజిన్ మళ్లీ విప్పినవాడికే కనిపిస్తుంది. నా గుర్తు రెండు చుక్కలు. ఒకరి గుర్తు ఇంకొకరు కొట్టకూడదు, గుర్తు లేని ఇంజిన్ గడప దాటకూడదు. ఈ రెండూ ఆయన నోటితో పదేపదే విన్న మాటలు.

తెలియనివారికి ఒక ముక్క చెప్పాలి. క్యామ్‌షాఫ్ట్ అంటే ఇంజిన్ ఊపిరి లెక్క చూసే కడ్డీ. దాని మీద గుడ్డు ఆకారంలో పదహారు ఉబ్బులు ఉంటాయి, కడ్డీ తిరుగుతుంటే ఒక్కో ఉబ్బు ఒక్కో వాల్వును, అంటే గాలీ పొగా వచ్చిపోయే తలుపును, నెట్టి తెరుస్తుంది. ఉబ్బు పొట్ట సన్నగా ఉంటే వాల్వు కాసేపే తెరుచుకుంటుంది, లావుగా ఉంటే ఎక్కువసేపు తెరిచే ఉంటుంది. సన్న పొట్ట దాన్ని మా గల్లీలో ఠండా షాఫ్టు అనేవాళ్లం, లావు పొట్ట దాన్ని గరం షాఫ్టు. గరం షాఫ్టు వేసిన ఇంజిన్ నిలబడి ఉన్నప్పుడు దడదడమంటూ ఆగి ఆగి దగ్గుతుంది, పరుగెత్తేటప్పుడు మాత్రం దాన్ని పట్టలేం. అది పందెం కార్ల సరుకు.

చెరువులో జనాన్ని తిప్పడానికి రెండు లాంచీలు వస్తున్నాయనీ, వాటికి ఎక్కడి నుంచో అరిగిపోయిన రెండు అమెరికా ఇంజిన్లు తెచ్చారనీ, వాటిని తిరిగి కట్టే పని మా కార్ఖానాకు వచ్చిందనీ తెలిసిననాడు గల్లీ అంతా వచ్చి చూసిపోయింది. చిన్న బ్లాకు అని వాటి పేరే గాని, ఒక్కోటి దించడానికి గొలుసు కట్టి నలుగురం పట్టాం. బోరు సాఫు చేయించాం, పిస్టన్లు వేశాం, అన్నీ కుదిరాయి, షాఫ్టులు మాత్రం రెండూ అరిగిపోయి ఉన్నాయి. షాఫ్టులు అరగదీసి సాపు చేసే గ్రైండర్ భాయ్ ఒకాయన పక్క వీధిలో ఉండేవాడు, అతని దగ్గర ఆ ఇంజిన్లకు సరిపోయేవి మూడు దొరికాయి. రెండు పాత లారీలవి, ఠండా. ఒకటి ఎవరో నవాబుల పిల్లగాడి పందెం కారుది, గరం. ఏది వేయాలో చెప్పమని ఉస్తాద్ నాకే వదిలేశారు. పదమూడేళ్లలో అంతటి పని నా చేతికి వదలడం అదే మొదలు.

నేను చెరువు దగ్గరికి పోయి ఒక పాత పడవ వెనక మోకాళ్ల మీద కూర్చుని చూశాను. పడవలో పొగ గొట్టం కాలిపోకుండా దానిలోకి చెరువు నీళ్లే వదులుతారు, పొగా నీళ్లూ కలిసి వెనక నుంచి బయటికి పోతాయి. ఆ నీళ్లు నా బుర్రలో రెండు రోజులు తిరిగాయి. మూడో రోజు మధ్యాహ్నం గ్రైండర్ భాయ్ మా ఉస్తాద్ హుక్కా అందుకుని ఆత్రంగా గుంజితే గొట్టంలోంచి నీళ్లు నోట్లోకి వచ్చాయి, ఆయన తుపుక్కున ఊశాడు, మేమంతా నవ్వాం. నా నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. గరం షాఫ్టు వేస్తే పొగ పోయే వాల్వు మూసుకోకముందే గాలి పీల్చే వాల్వు తెరుచుకుంటుంది, రెండూ కాసేపు తెరిచే ఉంటాయి, పడవ నెమ్మదిగా ఉన్నప్పుడు ఇంజిన్ పొగ గొట్టంలోంచి కూడా గుంజుతుంది, అప్పుడు నీళ్లు హుక్కాలో లాగే నోట్లోకి వస్తాయి. ఉస్తాద్‌కు ఈ మాట చెబితే ఆయన హుక్కా పక్కకు పెట్టి నా వైపు చాలాసేపు చూశారు. నా వీపు మీద ఎడమచేత్తో ఒక్కసారి తట్టారు. ఆ తట్టు ఇప్పటికీ వీపు మీద ఉంది.

పడవల ఆఫీసు ఇంజనీరు గారు కోస్తా నుంచి కొత్తగా వచ్చినవారు, తెల్ల చొక్కా, జేబులో రెండు కలాలు, మా మాట ఆయనకు ఇంకా అలవాటు కాలేదు. ఏ షాఫ్టు వేస్తున్నారని అడిగితే ఠండాది సార్ అన్నాను.

"చల్లారిపోయింది నాకెందుకయ్యా? వేడిగా, జోరుగా ఉండేది లేదా? నా లాంచీ పెళ్లికొడుకులా వెళ్లాలి గానీ ముసలాడిలా కాదు."

ఠండా అంటే ఆయన చలికి వణికే ఇంజిన్ అనుకున్నారని అర్థమై నాకు నవ్వు ఆగలేదు. నేను నవ్వేసరికి గల్లీలోని వాళ్లంతా నవ్వారు.

"కారు ఉరుకుతది సార్, పడవ దున్నుతది. దున్నేదానికి గుర్రాన్ని కడ్తమా, ఎద్దును కడ్తం గని."

"అరే, నవ్వకురా. సాబ్‌కు సమజ్ కాలే, అంతే," అని ఉస్తాద్ కసిరారు. ఇంజనీరు గారి ముఖం ఎర్రబడింది. ఎవరు నాకు చేసిన అవమానాన్నీ నేను మరిచిపోయినవాణ్ని కాను గనుక, నేను ఆయనకు చేసిన దాన్ని కూడా ఇక్కడ రాయడం న్యాయం. ఆ రోజు నవ్వకుండా ఉండవలసింది.

రెండు ఇంజిన్లలోనూ ఠండా షాఫ్టులే బిగించాను, నా చుక్కలు కొట్టాను, పై మూతలు, మధ్యలో నీళ్లు కారకుండా పెట్టే గ్యాస్కెట్లు అన్నీ నా చేతులతోనే వేశాను. ఆ మర్నాడే మా నాయన పోయాడు. మైల రోజులు, పనిముట్లు ముట్టుకోవద్దని ఉస్తాదే చెప్పి పంపారు. పన్నెండు రోజుల తర్వాత తిరిగి వచ్చేసరికి ఇంజిన్లు రెండూ నీలి రంగు మెరుపుతో తయారుగా ఉన్నాయి. లోబాన్ సాంబ్రాణి పొగ వేసి మొదటిదాన్ని స్టార్టు చేశాం, పిల్లి గురకలా మెత్తగా నడిచింది. రెండోదాన్ని స్టార్టు చేస్తే దడదడమంది, ఆగి దగ్గింది, మళ్లీ దడదడమంది. ఇంజనీరు గారు చప్పట్లు కొట్టి, "అదీ! అదీ ఇంజనంటే" అన్నారు. ఆ రెండో ఇంజిన్ లోపల నేను పెట్టిన షాఫ్టు లేదని నా చెవులకు తెలిసిపోయింది. ఉస్తాద్ దగ్గరికి వెళ్లి చెవిలో అడిగాను. ఆయన నా ముఖం చూడలేదు.

"ఆజ్ నై, బేటా."

ఇవాళ కాదు. ఆ మాటకు కట్టుబడి నోరు మూసుకున్నాను. మూసుకోకుండా ఉంటే ఈ నలభై ఏళ్లు వేరుగా ఉండేవి.

తర్వాతిది ఊరంతటికీ తెలుసు. లాంచీలు మొదలుపెట్టిన రోజు పెద్దలు ఎక్కిన రెండో లాంచీ గట్టు దగ్గర కాసేపు నెమ్మదిగా తిరిగి, నడి చెరువులోకి పోయి, ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. చేపలు పట్టే వాళ్ల తెడ్డు పడవకు తాడు కట్టి లాక్కొచ్చారు. పూలదండలు వేసుకున్న పెద్దలు ఎండలో గొడుగులు లేక చేతి రుమాళ్లు తల మీద వేసుకుని కూర్చున్నారు, గట్టు మీది జనం ఈలలు వేశారు. ఇంజిన్ ఆయిల్ తీసి చూస్తే అచ్చం చాయ్ రంగులో ఉంది, నీళ్లు కలిసిపోయాయి. ఇంజనీరు గారు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా గ్యాస్కెట్ సరిగ్గా వేయలేదన్నారు. గ్యాస్కెట్ వేసింది ఎవరంటే నేను. ముందు మూత విప్పండి, ఆ షాఫ్టు నాది కాదు, దాని మీద నా చుక్కలు ఉండవు, చూడండి అని బతిమాలాను, అరిచాను. ఎవరూ విప్పలేదు. ఆ ఇంజిన్‌ను షెడ్డులో పడేసి దానికి బదులు డీజిల్‌ది తెప్పించారు. నేను వేసిన ఠండా షాఫ్టుతో మొదటి లాంచీ ఎన్నో ఏళ్లు ఒక్కనాడూ ఆగకుండా తిరిగింది, ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు; ఆగని పడవను ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఉస్తాద్ ఆ రోజు గట్టు మీద తల వంచుకుని నిలబడ్డారు. ఆయన ఒక్క మాట అంటే చాలు, అనలేదు.

అప్పటి నుంచి నా పేరు పానీ మిస్త్రీ, అంటే నీళ్ల మేస్త్రీ. చాయ్ హోటల్‌లో అడుగుపెడితే గల్లా దగ్గరి మనిషి, "పానీ మిస్త్రీ ఆయా! చాయ్‌ల పానీ ఎయ్యాల్నా, నువ్వే ఏస్కుంటవా?" అని గట్టిగా అడిగేవాడు. పెళ్లిళ్లలో, పీనుగుల దగ్గర కూడా అదే పేరు. ఇంకో ఆరు నెలలు ఉండి కార్ఖానా మానేశాను, వేరేచోట లేత్ పని చేసుకుని బతికాను, నన్ను ఉస్తాద్ అని ఒక్కరూ పిలవలేదు. మా ఉస్తాద్ ఎప్పుడైనా చాయ్ హోటల్‌లో ఎదురైతే తన కప్పులో సగం సాసర్‌లో పోసి నా ముందుకు జరిపేవారు, ఇద్దరం తాగేవాళ్లం, నేను అడిగేవాణ్ని, ఆయన "ఆజ్ నై, బేటా" అని లేచిపోయేవారు. ఒకనాడు ఆయన పోయారని కబురు వచ్చింది. జనాజాకు భుజం పట్టాను. మట్టి వేస్తున్నప్పుడు కూడా నాకు కోపం తగ్గలేదు, కన్నీళ్లూ ఆగలేదు. గ్రైండర్ భాయ్ తన చివరి రోజుల్లో నాతో ఒక్క ముక్క చెప్పాడు. నేను మైలలో ఉన్నప్పుడు ఇంజనీరు గారు పట్టుబట్టి రెండో ఇంజిన్ విప్పించారట, భాయ్ తన దగ్గరున్న ఆ గరం షాఫ్టు తెచ్చి ఇచ్చి వెళ్లిపోయాడట, ఆ మధ్యాహ్నం మూత విప్పినప్పటి నుంచి మళ్లీ బిగించేదాకా లోపల ఉన్నది ఉస్తాద్, స్టూలు మీద ఇంజనీరు గారు, ఇద్దరే.

ఇప్పుడు పాత ఇనుము దుకాణానికి వద్దాం. సమ్మెట దెబ్బలకు బ్లాకు రెండుగా చీలింది, షాఫ్టు దొర్లి బయటపడింది. పనివాడు దాన్ని నా ఒళ్లో పెట్టాడు. కళ్లు మూసుకుని, మా నాయన బొజ్జలు తడిమినట్టు, తుప్పు కింద ఉబ్బుల పొట్టలు తడిమాను. లావు. గరం షాఫ్టే. నలభై ఏళ్లుగా నేను అన్నది నిజం, నీళ్లు గ్యాస్కెట్‌లోంచి రాలేదు, హుక్కాలో లాగే వచ్చాయి. ఆ సంతోషంలో సేట్‌ను, పనివాణ్ని, ట్రాలీ మనిషిని అందరినీ దగ్గరికి పిలిచాను.

"ఇగో సూడుండ్రి, ఇది నేనేసింది కాదు. ముంగటి కొన మీద నా రెండు చుక్కలు ఉండవు, కిరసనాయిలు పోసి తుడువుండ్రి."

సేట్ స్వయంగా గుడ్డ తీసుకుని తుడిచాడు. తుడిచి, నా ముఖం వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"చాచా, ఉన్నయి గదా. రెండు."

ఉన్నాయి. నా గుర్తే. కాని నేను కొట్టినవి కావు. నేను కొడితే చుక్కలు నిలువుగా, లోతుగా దిగుతాయి, ఇవి ఒక పక్కకు ఒరిగి దిగాయి, ఎడమచేతి సుత్తి దెబ్బకు ఒరిగినట్టు. ఆ కార్ఖానాలో ఎడమచేతి వాటం ఒక్కరిదే. ఒకరి గుర్తు ఇంకొకరు కొట్టకూడదని నేర్పిన చెయ్యి అది. సేట్ ఇక నవ్వలేదు, "లేజావో చాచా" అని షాఫ్టును గోనెగుడ్డలో చుట్టి ఇచ్చాడు. పాలు లేకుండా ఇంటికి వచ్చాను.

అది ఇప్పుడు నా మంచం పక్కన గోడకు ఆనించి ఉంది. దానితో మాట్లాడుతున్నానని కింది వాటాలోవాళ్లు అనుకుంటున్నట్టున్నారు, అనుకోనీ. ఉస్తాద్ ఆ చుక్కలు ఎందుకు కొట్టారు? ఏదైనా తేడా వస్తే తప్పు నా మీదికి పోవాలని కొట్టారా? లేక ఇంజిన్ అంతా నా చేతి కష్టమే, ఈ ఒక్క కడ్డీ మారినంత మాత్రాన నా గుర్తు లేకుండా గడప దాటకూడదని, రివాజు తప్పి మరీ నా కోసం కొట్టారా? నా వీపు తట్టిందీ, గట్టు మీద నన్ను వదిలేసిందీ ఆ మనిషే. ఒక రోజు ఒకటి నమ్ముతాను, మర్నాడు రెండోది. మా కార్ఖానా ఉన్నచోట ఇప్పుడు మొబైల్ ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. చెరువులో బ్యాటరీ పడవలు తిరుగుతాయట, చప్పుడే ఉండదట. ఇంజిన్లను విప్పేవాళ్లు లేరు, పాడైతే పెట్టెతో సహా మార్చేస్తారు, లోపల ఎవరి గుర్తూ ఉండదు, గుర్తు లేదు గనుక ఎవరి మీదా నింద కూడా ఉండదు. దగ్గు విని షాఫ్టు పేరు చెప్పే చెవి ఈ ఊళ్లో ఇంకెవరికైనా ఉందేమో నాకు తెలియదు, ఉంటే ఒక్కసారి కలవాలని ఉంది.

షాఫ్టును భుజాన వేసుకుని, రెండు బస్సులు మారి, సైదాబాద్ వెళ్లాను. ఇంజనీరు గారు ఉన్నారు, వరండాలో వాలు కుర్చీ, కుర్చీ మీద తువ్వాలు కనిపించాయి. వారి కోడలు గేటు దాకా వచ్చి, మర్యాదగానే, "మామయ్యగారు పడుకున్నారండీ, ఇవాళ కాదు, ఇంకోసారి రండి" అన్నది. గోనెమూట వైపు అనుమానంగా చూసింది. ఇవాళ కాదు. ఆ మాట ఇప్పటికి ఎన్ని గొంతుల్లో విన్నానో.

ఇంజనీరు గారూ, ఈ పేజీ మీ ఇంటికి వస్తుందని మీ వీధిలోని పేపరతను చెప్పాడు గనుక మీకే రాస్తున్నాను. ఆ రోజు నేను నవ్వినందుకు నన్ను క్షమించండి, అది నా తప్పు. గ్యాస్కెట్ సంగతి వదిలేశాను, మీరు ఒప్పుకోవక్కర్లేదు, నా పేరు పానీ మిస్త్రీ అనే ఉండనీయండి. ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఉన్న ఇద్దరిలో మీరొక్కరే మిగిలారు. మా ఉస్తాద్ పంచ్ ఎత్తి నా చుక్కలు కొట్టేటప్పుడు ఏమన్నారు? నా పేరు తీశారా? తల వంచుకుని కొట్టారా, మీ వైపు చూస్తూ కొట్టారా? ఏమీ అనకుండా కొట్టారంటే అదైనా చెప్పండి. ఒక్క ముక్క, కార్డు మీద రాసినా చాలు. ఇవాళ కాదు అని మాత్రం అనకండి, మీకూ నాకూ ఇంకా ఎన్ని ఇవాళలు ఉన్నాయి గనుక?